తువ్వాలు కింద ఫరీదు ధర

ఎనిమిది లక్షలు అని మైకులో వినబడగానే నేను పక్క సీట్లో కూర్చున్నావిడ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. ఆవిడెవరో నాకు తెలియదు. ఆవిడ కూడా చెయ్యి విడిపించుకోలేదు, నోరు తెరుచుకుని కోర్టు వైపే చూస్తూ ఉండిపోయింది. గ్యాలరీ అంతా ఒక్కసారిగా గోల మొదలైంది. వేసవిలో రెండు నెలలు ఆడే బాస్కెట్‌బాల్‌కి, మోకాలు దెబ్బతిన్న మనిషికి, మా నరసరావుపేట ఫరీదుకి ఎనిమిది లక్షలా?

ఆ మనిషి మాత్రం వరసలో నిలబడి, వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు. జట్టు యజమాని, పత్తి వ్యాపారి కోటిలింగం మైకు పట్టుకుని తర్వాతి పేరు చదివాడు. హైదరాబాద్ నుంచి తెచ్చిన సందీప్‌కి రెండు లక్షలట. అప్పుడు మళ్ళీ గోల. గాల్లో ఎగిరి బంతిని రింగులో వేసేవాడికి రెండు, కుంటుకుంటూ పరిగెత్తేవాడికి ఎనిమిది. లోకం తలకిందులైందా అని నాకు నిజంగానే అనుమానం వచ్చింది.

ఫరీదు నా శిష్యుడే. నేను జూనియర్ కాలేజీలో పీడీగా, అంటే ఆటల మేడంగా, కొత్తగా చేరిన రోజుల్లో పశువుల సంత పక్క రోడ్డు మీద వెళ్తుంటే ఒక పొడుగాటి కుర్రాడు లారీ మీదికి గడ్డి మోపులు విసురుతూ కనిపించాడు. ఒంటి చేత్తో, లారీకి పక్కగా నిలబడి, తల మీదుగా విసురుతున్నాడు. ఒక్క మోపూ కింద పడలేదు. బాస్కెట్‌బాల్‌లో హుక్ షాట్ అని ఒకటుంది, నేర్పడానికి మాకు ఏళ్లు పడుతుంది, పిల్లలు వినరు. వీడు గడ్డితో వేస్తున్నాడు. స్కూటీ అక్కడే ఆపి, రేపు పొద్దున కాలేజీ గ్రౌండుకి రమ్మన్నాను. వస్తే ఏమిస్తారు అని బేరం పెట్టాడు. సంతలో పెరిగిన పిల్లాడు మరి. రెండు అరటిపళ్ళు, ఉడకబెట్టిన గుడ్డు అన్నాను. ఒప్పుకున్నాడు.

ఆ అరటిపళ్ళ మీదే యూనివర్సిటీ దాకా ఆడాడు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని నేను చెప్పినవన్నీ గాలి మాటలయ్యాయి. చివరికి తండ్రి ఇలియాస్ చేసిన పనే చేతికొచ్చింది. సంతలో ఎడ్ల దళారీ అయ్యాడు. పగలంతా ఎడ్ల పళ్ళు చూడటం, సాయంత్రం కోర్టుకి రావటం. హజ్రా బీని చేసుకున్నాడు, రేష్మా పుట్టింది, మోకాలు అరిగింది, అయినా సాయంత్రం ఐదయ్యేసరికి రింగు కింద ఉండేవాడు. ఇలాంటి పిచ్చివాళ్ళ వల్లే మా ఊళ్ళో ఆ ఆట మిగిలింది.

సంతలో బేరం ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళకి చెప్పాలి. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. లక్షలా, వేలా అన్నది ముందు ఒక మాట అనుకుని, తర్వాత ధరంతా వేళ్ళతోనే. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు. చుట్టూ వందమంది ఉన్నా ఎవరికీ తెలియదు. పశువుకి లోపం ఉంటే అందరికీ వినబడేట్టు చెప్పాలి, ధర మాత్రం ఎవరికీ వినబడకూడదు. ఇలియాస్ ఒకసారి ఒక ధర ఇంట్లో పెళ్ళానికి చెప్పాడు. ఆవిడ పక్కింట్లో అంది, అది కొన్నవాడి తమ్ముడి దాకా పోయింది. ఆ తర్వాత ఏడాది పాటు సంతలో ఇలియాస్ చేతిలో చెయ్యి పెట్టినవాడు లేడు. ఆ ఏడాది ఇంట్లో ఏం తిన్నారో ఫరీదు నాకు ఒకసారి చెప్పాడు. నేను మళ్ళీ చెప్పను, నాకు కళ్ళనీళ్ళొస్తాయి.

ఇక మా లీగ్ సంగతి. పల్నాడులోని పత్తి, మిర్చి డబ్బున్న ఆసాములు ఆరుగురు కలిసి ఆరు జట్లు పెట్టారు. మొదటి ఏడాది ఒక ఆసామి మంచి ఆటగాళ్ళందర్నీ కొనేశాడు. మిగతా జట్లు వాళ్ళ చేతిలో చిత్తుగా ఓడుతుంటే జనం మధ్యలోనే లేచిపోయారు. అయినా ఫైనల్లో మా నరసరావుపేట వాళ్ళని ఎలాగో ఓడించింది, ఫరీదు వల్ల. అది వేరే సంగతి. రెండో ఏడాది కమిటీ అధ్యక్షుడు జానకిరామయ్యగారు, రిటైరైన ప్లీడరు, ఒక పరిమితి పెట్టారు. ఒక జట్టు ఆటగాళ్ళ జీతాలన్నీ కలిపి ఇంత దాటకూడదు. మేమంతా దాన్ని గీత అంటాం. గీత దాటితే జరిమానా. జరిమానాకి మావాళ్ళు భయపడరు, మీసం తిప్పి మరీ కడతారు. రెండో శిక్ష ఉంది చూశారూ, అదీ అసలుది. గీత దాటిన జట్టుకి తర్వాతి ఏడాది బయటి ఊరి ఆటగాడు ఉండడు. ఫ్లెక్సీలన్నీ, ఫోన్లలో తిరిగే రీళ్ళన్నీ ఆ బయటి ఆటగాడివే కదా. దానికి గజగజ వణుకుతారు.

ఈ గీత వల్ల సొంత ఊరి పాత ఆటగాళ్ళు రోడ్డున పడతారేమోనని జానకిరామయ్యగారు ఒక సడలింపు కూడా ఇచ్చారు. ఊరి ఆటగాడి జీతంలో సగమే లెక్కలోకి వస్తుంది. మంచికే పెట్టాడాయన. మంచి కోసం ఒక తలుపు తెరిస్తే అందులోంచి ఏమేం దొంగతనంగా లాక్కెళ్ళొచ్చో ముందు చూసుకునే జనం మనం. ఇంకోటి, జీతాలు కాగితాల మీద వద్దన్నాడు. కాగితం మారుస్తారు గానీ ఊరందరి ముందూ మైకులో అన్న మాట పరువున్నవాడు మార్చడని ఆయన నమ్మకం. ప్లీడరు పని చేసిన మనిషికి ఆ నమ్మకం ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అలా వినబడిందే ఆ ఎనిమిది లక్షలు. ఆ రోజు నుంచి ఫరీదుకి ఊళ్ళో ఎనిమిది లక్షల ఎద్దు అని పేరు పడింది. బంతి చేజారితే లక్ష పోయింది అని అరిచేవాళ్ళు. మోకాలు పట్టుకుని కూర్చుంటే గడ్డి వెయ్యండ్రా అనేవాళ్ళు. సందీప్ ఎంత ఆడినా పాపం రెండే లక్షలు అని జాలి. ఫరీదు ఇరవై నిమిషాలు ఆడి, రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతులన్నీ పట్టి సందీప్‌కి అందిస్తేనే ఆ ఎగురుడు సాగేదని ఆట తెలిసినవాళ్ళకి తెలుసు. ఆట తెలిసినవాళ్ళు గ్యాలరీలో ఎందరుంటారు గనక.

అందరికంటే రేష్మాకి ఎక్కువ తగిలింది. మా కాలేజీలోనే ఇంటర్, నా జట్టులోనే ఆడేది. ఉండేది రేకుల ఇల్లు, హజ్రా బీ అర్ధరూపాయి అర్ధరూపాయి కూడబెట్టే మనిషి. ఎనిమిది లక్షలు తింటున్న తండ్రి ఆ డబ్బు ఎక్కడ పెడుతున్నాడని స్నేహితులు ఆ పిల్లని అడిగారు. ఇంకెవరికో ఇల్లు కట్టిస్తున్నాడేమో అని ఒకతి నవ్విందట. రేష్మా ఇంటికెళ్ళి తండ్రిని నిలదీసింది. నాకంత రాదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అది కూడా ధర చెప్పినట్టే అనుకున్నాడు ఆ మహానుభావుడు. తువ్వాలు కింద మాట తల్లీ, అని ఊరుకున్నాడట. ఆ పిల్ల తండ్రితో మాటలు మానేసింది. నా జట్టు కూడా వదిలేసింది. బంతి చూస్తేనే అసహ్యంగా ఉంది మేడం, అంది.

నేను సంతకే వెళ్ళి ఫరీదుని పట్టుకున్నాను. నిజం చెప్పమన్నాను, అరిచాను కూడా. ఎడ్ల మధ్య నిలబడి నవ్వాడు. మేడం, మీరు అరటిపళ్ళిస్తానని నాతో చేసిన బేరం ఎవరికన్నా చెప్పానా, అన్నాడు. నాకు ఒళ్ళు మండి వచ్చేశాను.

మూడో ఏడాదీ అలాగే గడిచింది. నాలుగో ఏడాది కమిటీ ఆ సగం సడలింపు తీసేసింది. చిన్న జట్లు గొడవ చేశాయి, ఊరివాడి పేరు మీద ఏవేవో జరుగుతున్నాయని. ఇకనుంచి ఎవరి జీతమైనా పూర్తిగా లెక్కలోకే. దాంతో మా నరసరావుపేట జట్టు ఒక్క దెబ్బకి గీత దాటేసింది. ఎవరో ఒకరిని దించాలి. ఉత్తినే తీసేస్తే ఆ జీతం లెక్కలోంచి పోదు, ఇంకో జట్టు తీసుకుంటేనే పోతుంది. ఎవర్ని దించాలి అన్నదానికి ఊళ్ళో టీ బంకుల దగ్గర కూడా ఒకటే జవాబు. రెండు లక్షల సందీప్‌ని దించితే ఏం వస్తుంది, ఎనిమిది లక్షల ఎద్దుని తోలేస్తే గీత కిందికి దిగొచ్చు. లెక్క చూస్తే నాకూ అంతే అనిపించింది. కానీ ఫరీదుకి ఇంకో ఏడాదికి మించి ఆట లేదు. ఆ ఒక్క ఏడాదీ సొంత కోర్టులో ఆడి మానేద్దామన్నది అతని కోరిక. ఎవరూ తీసుకోకపోతే, డబ్బు తిని జట్టుని ముంచినవాడన్న పేరుతో ఇంట్లో కూర్చోవాలి.

ఆటగాళ్ళ మార్పిడి స్టేడియంలో షామియానా కింద జరిగింది. ఆరుగురు ఆసాములూ కుర్చీల్లో, జనం చుట్టూ. రేష్మాని నేనే బలవంతంగా వెంట తీసుకొచ్చాను. ఏమైనా కానీ నీ తండ్రి, ఒంటరిగా నిలబెట్టకూడదు అన్నాను. మూతి ముడుచుకుని నా పక్కన కూర్చుంది.

ఎనిమిది లక్షల మనిషిని తీసుకోవడానికి నాలుగు జట్లు తల అడ్డంగా ఊపాయి. చివరికి మాచర్ల జట్టు ఆసామి పున్నయ్య లేచాడు. మిరప పండించే రైతు, ఫరీదు దగ్గరే ఎడ్లు కొంటాడు. ఎనిమిదికి కాదు గానీ ఫరీదు దిగితే చూస్తానన్నాడు. ఎంత దిగినా అతని ఇష్టం అన్నాడు కోటిలింగం, మొహంలో వెలుగు కనబడుతూనే ఉంది. ఫరీదు భుజం మీద తువ్వాలు తీశాడు. మైకులో వద్దు, మనం బేరం చేసుకునే పద్ధతిలోనే చేసుకుందాం అన్నాడు. జనం నవ్వారు.

ముందు లోపం పైకి చెప్పాడు. "ఎడమ మోకాలు పూర్తిగా వంగదు పున్నయ్యగారూ. ఇరవై నిమిషాలు ఆడతా, ఆపైన ఆడలేను. తెలిసే తీసుకోండి."

తర్వాత ఇద్దరి చేతుల మీదా తువ్వాలు పడింది. నేను పున్నయ్య మొహమే చూస్తున్నాను. ముందు తాపీగా ఉన్న మనిషి కనుబొమలు పైకి లేచాయి. లక్షల్లోనేనా అని మెల్లిగా అడిగాడు. ఫరీదు తల ఊపాడు. పున్నయ్య మళ్ళీ చెయ్యి తడిమినట్టున్నాడు, తువ్వాలు కదిలింది. ఆయన మొహంలో రంగు మారిపోయింది. ఇంకోసారి అడిగాడు. ఫరీదు మళ్ళీ తల ఊపాడు.

పున్నయ్య ఒక్క ఊపున తువ్వాలు లాగి అవతల పారేశాడు. సంతలో అలా చేసినవాణ్ణి నేను ఎన్నడూ చూడలేదు, వినలేదు. ఫరీదు చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని అందరికీ కనబడేట్టు పైకెత్తాడు. చూపుడు వేలొక్కటే నిలబడి ఉంది.

"ఒకటి అడుగుతన్నాడయ్యా," అన్నాడు పున్నయ్య. "ఒక్క లచ్చ. ఇదేంది కోటిలింగం? ఎనిమిది తీసుకునేవాడు ఎవడన్నా ఒకటికి దిగుతాడా? ఈ మనిషికి నువ్విచ్చేది ఈ ఒక్కటే. ఆ ఏడూ యాడికి పోతన్నయ్?"

జానకిరామయ్యగారు తువ్వాలు తెప్పించి కోటిలింగం ముందు పెట్టారు. మైకులో చెప్పిన ఎనిమిదీ ఫరీదు చేతిలో వేళ్ళతో మళ్ళీ చెప్పు, నమ్ముతాం అన్నారు. కోటిలింగం తువ్వాలు అందుకున్నాడు. ఫరీదు చెయ్యి చాచాడు. కోటిలింగం ఆ చేతి దాకా వచ్చి, ఆగిపోయి, తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వల్ల కాలేదు. సందీప్‌కే ఇచ్చానండీ, అన్నాడు, వినీ వినబడనట్టు.

సందీప్‌కి పోతున్నది తొమ్మిది. అందులో రెండు సందీప్ పేరున చెప్పి, ఏడు ఫరీదు పేరున కలిపాడు. ఊరివాడి జీతం సగమే లెక్క గనక గీత దాటకుండా సరిపోయింది. ఆ సడలింపు పోయేసరికి తను చెప్పిన అబద్ధం తన మెడకే చుట్టుకుంది. నిజానికి ఫరీదుని తీసేస్తే కోటిలింగానికి మిగిలేది లక్షే. కానీ మైకు లెక్కలో ఎనిమిది తగ్గుతుంది. సందీప్‌కిచ్చే ఆ ఏడూ ఎక్కడ దాచాలో తర్వాత చూసుకునేవాడు. ఇదంతా అర్థమయ్యేసరికి నాకు కోపం కంటే ముందు దిమ్మతిరిగింది. సందీప్ కూడా బిత్తరపోయి చూస్తున్నాడు, తనకొచ్చే మిగతా ఏడూ ఎవరి పేరున చెప్పారో ఆ పిల్లాడికి తెలియదు. తన వల్ల ఒక మనిషి రెండేళ్ళు ఊరందరి చేతా ఎద్దు అనిపించుకున్నాడని తెలిసి తల దించుకున్నాడు.

పక్కన రేష్మా నా చెయ్యి పట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. ఏడవటం లేదు, బిగుసుకుపోయి ఉంది.

జానకిరామయ్యగారు తేల్చేశారు. అసలు లెక్కన పోయినేడే గీత దాటారు, కాబట్టి ఈ ఏడాది నరసరావుపేటకి బయటి ఆటగాడు లేడు. పైన జరిమానా. సందీప్ ఆ సాయంత్రమే బస్సెక్కాడు. ఇక ఫరీదు మాచర్లకే కదా అని అందరం అనుకున్నాం. ఒకటి కాదు, మూడిస్తా రమ్మన్నాడు పున్నయ్య. ఫరీదు కింద పడిన తన తువ్వాలు ఏరుకుని దులిపాడు.

"మీరు నా మంచికే తీశారు పున్నయ్యగారూ, మర్చిపోను," అన్నాడు. "కానీ తువ్వాలు లాగేసిన చేతిలో నేను మళ్ళీ చెయ్యి పెట్టలేను."

పున్నయ్య మొహం చూడలేకపోయాను. రెండేళ్ళ మచ్చ తుడిచిన మనిషిని పట్టుకుని ఆ మాటా? నాకైతే లేచి వెళ్ళి ఫరీదు వీపు మీద ఒకటి వెయ్యాలనిపించింది. అంతలో కోటిలింగం వచ్చి అతని ముందు నిలబడ్డాడు. ఇప్పుడతని జట్టులో రింగు కింద ఆడేవాడు లేడు, ఎగిరేవాడు లేడు, పరువూ లేదు. చెయ్యి చాచాడు. ఫరీదు ఆ చేతిలో చెయ్యి పెట్టి పైన తువ్వాలు కప్పాడు. చాలాసేపు సాగింది. కోటిలింగం మొహం పాలిపోయింది, నుదురు తుడుచుకున్నాడు, ఆఖరికి సరే అన్నట్టు తల వంచాడు.

ఫరీదు మా దగ్గరికి వచ్చేదాకా ఆగి అడిగేశాను. నిన్ను ఊళ్ళో నవ్వులపాలు చేసిన మనిషి దగ్గరికే మళ్ళీ ఎలా పోతావయ్యా?

"ఆయన మైకులో అబద్ధం చెప్పాడు మేడం. తువ్వాలు కింద చెప్పలా," అన్నాడు. "ఒప్పుకున్న ఒకటీ రెండేళ్ళూ రూపాయి తగ్గకుండా ఇచ్చాడు. ఇప్పుడు కూడా అబద్ధం చెప్పలేకే గదా చెయ్యి వెనక్కి తీసుకుంది."

ఇదేం లోకమో, ఇతనిదేం న్యాయమో నాకు తెలియలేదు. ఊరందరూ వినే మాటకి విలువ లేదు, ఎవరూ చూడని వేళ్ళకి ఉంది. నా శిష్యుడేనా అని అతని వంక తెల్లబోయి చూశాను.

రేష్మా లేచింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి తండ్రికి ఎదురుగా నిలబడింది. "నాకైనా చెప్పొచ్చు గదా నాన్నా. నేను బయటి మనిషినా?"

ఫరీదు మోకాలు పట్టుకుని నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. ఆ పిల్ల అతని కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, భుజం మీది చున్నీ తీసి రెండు చేతుల మీదా కప్పింది.

"ఇప్పుడు చెప్పు," అంది. "ఈసారి ఎంతకి ఒప్పుకున్నావు?"

ఫరీదు కూతురి మొహంలోకి చూశాడు. చున్నీ కింద కదలిక కనిపించింది. రేష్మా కళ్ళు పెద్దవయ్యాయి, నోరు తెరుచుకుంది, కోటిలింగం వైపు ఒకసారి, తండ్రి వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత గట్టిగా నవ్వేసి, నవ్వుతూనే ఏడ్చేసింది.

నేను ఆగలేకపోయాను. ఎంతే, ఎంతకే అని ఆ పిల్ల భుజం పట్టి ఊపాను.

రేష్మా కళ్ళు తుడుచుకుని చున్నీ మళ్ళీ భుజం మీద వేసుకుంది.

"చెప్పకూడదు మేడం," అంది.